గేజీ చూస్తేనే తెలిసే ఒత్తిడి: గుండెకు, ఇతర అవయవాలకు రక్తపోటు చేసే చేటు

ఆవిరి ఇంజన్ల రోజుల్లో బాయిలరులో ఒత్తిడి ఎంతుందో డ్రైవరు చప్పుడు విని అంచనా వేసేవాడు కాదు. కళ్ళెదుట ఉన్న గేజీ చూసేవాడు. మన దేశంలో దశాబ్దాల పాటు గూడ్సు బళ్ళు లాగిన డబ్ల్యూజీ తరగతి ఇంజను బాయిలరు చదరపు అంగుళానికి 210 పౌండ్ల ఒత్తిడితో పనిచేసేది. ముల్లు ఆ గీత దాటితే సేఫ్టీ వాల్వు తెరుచుకుని ఆవిరి బుస్సుమని బయటికి పోయేది. దగ్గరలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిపోయేది.

మన ఒంట్లో ధమనులూ ఒత్తిడి కింద పనిచేసే గొట్టాలే. అయితే వాటికి బుస్సుమనే వాల్వు లేదు. ఒత్తిడి గీత దాటినా చప్పుడుండదు, చాలామందికి నొప్పి కూడా ఉండదు. గేజీ పెట్టి చూస్తే తప్ప తెలియదు. అధిక రక్తపోటు గురించి గుర్తుంచుకోవలసిన మొదటి విషయం ఇదే.

ఈ మాట చెప్పుకోవడానికి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ తగిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఊరిని పెద్ద జంక్షనుగా మార్చింది. వాల్తేరు కూడా అదే రైల్వే పరిధిలోకి రావడంతో ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఎందరో తెలుగువారు ఉద్యోగాల కోసం ఇటు వచ్చి స్థిరపడ్డారు. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ప్రధాన కేంద్రం. రైల్వే కాలనీలో ఉంటూ, గోల్ బజార్‌లో నెల సరుకులు కొనుక్కునే తెలుగు ఇళ్ళలో ఇప్పుడు మూడు తరాలవాళ్ళు కనిపిస్తారు: పెన్షన్ మీద ఉన్న తాత, డ్యూటీలో ఉన్న కొడుకు, చదువుకుంటున్న మనవలు. రక్తపోటు ఈ మూడు తరాలకూ సంబంధించిన విషయమే.

రెండు అంకెల అర్థం

గుండె ముడుచుకుని రక్తాన్ని నెట్టినప్పుడు ధమనుల గోడల మీద పడే ఒత్తిడి పై అంకె. గుండె వదులై తిరిగి నిండుతున్నప్పుడు మిగిలే ఒత్తిడి కింది అంకె. రెండింటినీ పాదరసపు మిల్లీమీటర్లలో చెబుతారు. 120 మిల్లీమీటర్ల పాదరసం అంటే సుమారు అయిదడుగుల నాలుగంగుళాల ఎత్తున నీటిని నిలబెట్టగల ఒత్తిడి. అదే 180 అయితే ఆ నీటి మట్టం ఎనిమిది అడుగులకు చేరుతుంది.

రక్తపోటును మొదట కొలిచింది నిజంగా ఇలా ఎత్తుతోనే. ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ హేల్స్ ఒక గుర్రం ధమనికి పొడవాటి గాజు గొట్టం అమర్చి, రక్తం ఎనిమిది అడుగుల మూడు అంగుళాల ఎత్తుకు లేచిందని 1733లో ప్రచురించిన పుస్తకంలో రాశాడు. మనిషికి నొప్పి లేకుండా కొలిచే చేతిపట్టీని 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచీ తయారుచేశాడు. స్టెతస్కోపుతో ధమని చప్పుడు వింటూ రెండు అంకెలనూ గుర్తించే పద్ధతిని 1905లో రష్యా వైద్యుడు కోరొట్కోవ్ చెప్పాడు. ఇవాళ్టికీ పద్ధతి దాదాపు అదే.

మన దేశంలో వైద్యులు సాధారణంగా పాటించే లెక్క ప్రకారం, వేర్వేరు రోజుల్లో కొలిచినా పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ, అంతకు మించి గానీ ఉంటే అది అధిక రక్తపోటు. అలాగని 139 దాకా ఏ ప్రమాదమూ లేదని కాదు. పది లక్షల మంది వివరాలున్న 61 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ 2002లో వెలువడింది. 40 నుంచి 69 ఏళ్ళ వయసువారిలో 115/75 నుంచి మొదలుపెట్టి, పై అంకె 20 లేదా కింది అంకె 10 పెరిగిన ప్రతిసారీ పక్షవాతంతో గానీ గుండెజబ్బుతో గానీ చనిపోయే ముప్పు రెట్టింపవుతుందని అందులో తేలింది.

గుండె కండ కట్టినా ముప్పే

గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఎదురుగా ధమనుల్లో ఒత్తిడి ఎక్కువగా ఉంటే ప్రతిసారీ ఎక్కువ బలంతో నెట్టాలి. బరువులు మోసేవాడి జబ్బలు కండ కట్టినట్టు, గుండెలో శరీరమంతటికీ రక్తం పంపే ఎడమ జఠరిక గోడ మందమవుతుంది. జబ్బల కండ బలానికి గుర్తు. గుండె విషయంలో అలా కాదు. మందమైన గోడ బిరుసెక్కుతుంది. గుండె వదులై రక్తంతో నిండవలసిన సమయంలో సరిగా సాగదు. పెరిగిన కండకు కావలసినంత రక్తం కూడా అందదు.

ఏళ్ళు గడిచేకొద్దీ రెండు దారుల్లో ఏదో ఒకటి ఎదురవుతుంది. గోడ గట్టిగానే ఉండి గుండె నిండకపోవడం ఒకటి, అలసిపోయి గోడ సాగి పల్చబడడం రెండోది. రెండింటి చివరా ఉండేది గుండె వైఫల్యమే. మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం, సాయంత్రానికి పాదాల వాపు దీని లక్షణాలు. పైగదులు సాగితే గుండె లయ తప్పుతుంది. లయ తప్పిన గుండెలో రక్తం నిలిచి గడ్డకడితే, ఆ గడ్డ మెదడుకు చేరి పక్షవాతం తెప్పించవచ్చు.

గుండెకే రక్తమిచ్చే కరోనరీ ధమనుల కథ వేరు. ధమనుల లోపలి పొర చాలా సున్నితమైనది. ఎడతెగని ఒత్తిడికి అది దెబ్బతిన్నచోట కొవ్వు చేరి పూడిక కడుతుంది. పొగాకు, మధుమేహం, కొలెస్టరాల్ తోడైతే పూడిక వేగం పెరుగుతుంది. ఆ పూడిక చిట్లి దాని మీద రక్తం గడ్డకట్టడమే గుండెపోటు.

మెదడులో చిట్లే, మూసుకుపోయే నాళాలు

మెదడు లోతుల్లోకి వెళ్ళే సన్నటి ధమనులు పెద్ద ధమనుల నుంచి నేరుగా చీలుతాయి. అందువల్ల అధిక ఒత్తిడి తాకిడి వాటి మీద ఎక్కువ. కొన్ని గోడలు మందమై మూసుకుపోతాయి. కొన్ని బలహీనపడి చిట్లుతాయి. పక్షవాతం రెండు విధాలా వస్తుంది. పైకి పక్షవాతం కనిపించకుండానే చిన్న చిన్న మచ్చలు పేరుకుపోయి, వయసు మళ్ళాక మతిమరుపు, నడకలో తడబాటు రావడమూ ఉంది. "పెద్దతనం కదా" అని సరిపెట్టుకునే మార్పుల్లో కొన్నింటి వెనక ఏళ్ళ నాటి రక్తపోటు ఉండవచ్చు.

ఎంత పెద్ద మనిషికైనా ఒకప్పుడు దీనికి మందు లేదు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు 1944 మార్చిలో చేసిన పరీక్షలో రక్తపోటు 186/108. మరుసటి ఏడాది ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై 63 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆనాడు నమోదైన అంకె 300/190. ఆయన చుట్టూ దేశంలోని మేటి వైద్యులున్నారు గాని, వాళ్ళ చేతిలో ఇవాళ మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరికే మాత్రలాంటిదేదీ లేదు.

ముఖం ఒక పక్కకు వంకరపోవడం, ఒక చెయ్యి పైకి లేవకపోవడం, మాట తడబడడం హఠాత్తుగా కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. నాళం మూసుకుపోయిన పక్షవాతమైతే, గడ్డను కరిగించే ఇంజక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అది ఏ రకం పక్షవాతమో సీటీ స్కాన్ చేస్తే గాని తెలియదు. కాబట్టి ఆ సౌకర్యమున్న ఆసుపత్రికే నేరుగా వెళ్ళాలి.

జల్లెడలాంటి మూత్రపిండం, కిటికీలాంటి కన్ను

ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల వడపోత గుత్తులుంటాయి. అవి వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాల చుట్టలు. ఒత్తిడి ఎక్కువైతే ఈ జల్లెడ కన్నాలు పాడై, రక్తంలో ఉండవలసిన అల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి జారిపోతుంది. కొన్ని గుత్తులు మచ్చకట్టి పనిమానేస్తాయి. వాటి భారం మిగిలినవాటి మీద పడుతుంది. ఉప్పును, నీటిని బయటికి పంపి రక్తపోటును అదుపులో ఉంచే పని కూడా మూత్రపిండానిదే. అది దెబ్బతింటే రక్తపోటు ఇంకా పెరుగుతుంది. పెరిగిన రక్తపోటు దాన్ని మరింత దెబ్బతీస్తుంది. మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు ఈ చక్రాన్ని తొలి దశలోనే పట్టిస్తాయి.

శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కుటుంబాలకు కిడ్నీ అనగానే ఉద్దానం గుర్తుకొస్తుంది. ఉద్దానంలో ఎక్కువగా కనిపించే జబ్బును రక్తపోటు ఖాతాలో వేయడం సరికాదు. అక్కడ రక్తపోటు, మధుమేహం లేనివారికి కూడా మూత్రపిండాలు పాడవుతున్నాయి. అయితే మూత్రపిండం ఏ కారణంతో దెబ్బతిన్నా, రక్తపోటును అదుపులో ఉంచితే క్షీణించే వేగం తగ్గుతుంది.

కత్తి పెట్టకుండా రక్తనాళాలను నేరుగా చూడగల చోటు ఒంట్లో ఒక్కటే ఉంది. అది కంటి వెనకనున్న రెటీనా. అక్కడి నాళాలు సన్నబడడం, చిన్న రక్తపు మరకలు, దూది పింజల్లాంటి తెల్లమచ్చలు కనిపిస్తే మెదడులో, మూత్రపిండాల్లో ఏం జరుగుతోందో వైద్యులు ఊహించగలరు. కళ్ళజోడు కోసం వెళ్ళినవారికి రక్తపోటు బయటపడడం అందుకే జరుగుతుంటుంది.

గర్భిణుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అప్పటిదాకా రక్తపోటు లేనివారికి కూడా ఇరవయ్యో వారం తర్వాత పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోవచ్చు. పట్టించుకోకపోతే మూర్ఛలు వస్తాయి. మన పెద్దలు గుర్రపువాతం అన్నది దీన్నే. తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం, పైకడుపులో నొప్పి ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. పరీక్షకు వెళ్ళిన ప్రతిసారీ రక్తపోటు కొలిపించుకోవాలి.

ఇంట్లో ఎవరిని కొలుస్తున్నారు?

రైలు నడిపేవారికి రైల్వేలో ఒక మంచి నియమం ఉంది. 45 ఏళ్ళ దాకా నాలుగేళ్ళకోసారి, ఆ తర్వాత 55 దాకా రెండేళ్ళకోసారి, అక్కడి నుంచి రిటైరయ్యే దాకా ఏటా వైద్య పరీక్ష తప్పనిసరి. వేలమంది ప్రాణాలు వారి చేతిలో ఉంటాయి కాబట్టి ఈ పట్టుదల. పరీక్షలో రక్తపోటు బయటపడితే డ్యూటీ మారుస్తారేమో అన్న భయం కొందరికి ఉంటుంది. కాని పట్టించుకోకుండా వదిలేసిన రక్తపోటే ఉద్యోగానికి అసలు ముప్పు. తొలి దశలో పట్టుబడి మందుతో అదుపులో ఉన్న రక్తపోటుతో మామూలుగా పనిచేసుకునేవారు కోకొల్లలు.

ఆ నియమం ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోతుంది. అర్ధరాత్రి డ్యూటీకి వెళ్ళే భర్తకు క్యారేజీ కట్టి, తెల్లవారి పిల్లలను బడికి పంపే భార్యను ఏ నియమమూ పరీక్షకు పిలవదు. గర్భిణిగా ఉన్నప్పుడు కొలిచిన రక్తపోటే ఆఖరిదైన గృహిణులు ఎందరో. బజారులో కూరగాయల బండి నడుపుకునేవారికి, కూలిపనికి వెళ్ళేవారికి ఆ పిలుపు అసలే లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్ళు దాటిన స్త్రీలలో 21 శాతానికి, పురుషులలో 24 శాతానికి రక్తపోటు ఎక్కువగా ఉంది లేదా దానికి మందు వాడుతున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ ఇది జాతీయ సగటు కంటే ఎక్కువ.

లావుగా, సుఖంగా ఉండేవారికే రక్తపోటు వస్తుందన్న అపోహ కూడా పోవాలి. గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1.8 లక్షల జనాభాలో 2003–04లో ఏడాది పాటు జరిగిన ప్రతి మరణానికీ కారణం ఆరా తీశారు. మూడింట ఒక వంతుకు దగ్గరగా గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాలు ఆ దరిదాపుల్లో కూడా లేవు. బిలాస్‌పూర్‌కు కొద్ది దూరంలోని గనియారిలో పేదలకు వైద్యం చేస్తున్న జన స్వాస్థ్య సహయోగ్ వైద్యులు, చిక్కిపోయిన పల్లె పేదల్లోనూ రక్తపోటు, మధుమేహం చూస్తున్నామని చాలాకాలంగా చెబుతున్నారు.

నెల సరుకుల చీటీలో ఉప్పు లెక్క

గోల్ బజార్ సరుకుల చీటీ తీసి ఒక చిన్న లెక్క వేసుకోవచ్చు. పెద్దలు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు. అంటే కిలో ఉప్పు ప్యాకెట్ సుమారు 50 రోజులు రావాలి. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, చల్ల మిరపకాయలు, ఎండుచేపలు, బజారు మిక్స్చర్‌లలోని ఉప్పు కూడా ఈ లెక్కలోనిదే. పచ్చళ్ళకు వేరుగా కొన్న రాళ్ళ ఉప్పునూ కలుపుకోవాలి. మీ ఇంట్లో కిలో ప్యాకెట్ ఎన్ని రోజులకు అయిపోతోందో చూస్తే సంగతి తెలిసిపోతుంది.

ఉప్పులోని సోడియం నీటిని పట్టి ఉంచుతుంది. నాళాల్లో ప్రవహించే ద్రవం పెరిగి ఒత్తిడి పెరుగుతుంది. పచ్చడి పూర్తిగా మానమని ఎవరూ అనరు. అన్నంలో విడిగా ఉప్పు కలుపుకోవడం, మజ్జిగలో ఉప్పు వేసుకోవడం మానితే, పచ్చడి ముద్దను చిన్నది చేస్తే సగం దారి వచ్చినట్టే. కూరలో పులుపు, అల్లం, కొత్తిమీర పెంచితే ఉప్పు తగ్గిన సంగతి నాలుక పట్టించుకోదు. సోడియం కొంత తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పును చైనాలోని 600 గ్రామాల్లో వాడి చూడగా పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో తేలింది. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల రక్తపోటు మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఆ ఉప్పు వాడకూడదు.

ఛత్తీస్‌గఢ్‌లో పళ్ళకు రుద్దుకునే గుడాఖు కూడా పొగాకే. ఉత్తరాంధ్ర పెద్దమ్మల అడ్డపొగ చుట్టయినా, బీడీ అయినా, గుడాఖు అయినా అందులోని నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది. మద్యం రక్తపోటును పెంచుతుంది. రాత్రి నిద్రలో సహజంగా తగ్గవలసిన రక్తపోటు, నైట్ డ్యూటీలతో నిద్ర చెడితే తగ్గకపోవచ్చు. పెద్దగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఇంకో మాట: పట్టాల మీద పనిచేసి ఒళ్ళు నొప్పులకు మందుల షాపులో సొంతంగా కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు తరచుగా వాడితే రక్తపోటు పెరుగుతుంది, మూత్రపిండాలకూ కీడు.

మందు పనిచేస్తోందంటే ఆపమని కాదు

రక్తపోటుకు తొలి మందులలో ఒకటి మన అడవి మొక్కే. సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో రాశారు. ముంబై వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో దాన్ని గురించి ప్రచురించిన తర్వాత ప్రపంచం దృష్టి ఇటు మళ్ళింది. దుష్ఫలితాల వల్ల నేడు దాని వాడకం తగ్గింది. అంతకన్నా మేలైన మందులు వచ్చాయి.

మందుతో నిజంగా ప్రాణాలు నిలుస్తాయా అన్న ప్రశ్నకు 1967లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో సమాధానం దొరికింది. కింది అంకె 115 నుంచి 129 మధ్య ఉన్న 143 మందిలో సగంమందికి మందు, సగంమందికి ఉత్తి మాత్ర ఇచ్చారు. ఉత్తి మాత్ర వాడిన 70 మందిలో 27 మందికి తీవ్రమైన ప్రమాదాలు జరిగాయి. మందు వాడిన 73 మందిలో ఇద్దరికే. తర్వాతి పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన 2016 నాటి విశ్లేషణ ప్రకారం, పై అంకెను 10 తగ్గిస్తే పక్షవాతం 27 శాతం, గుండె వైఫల్యం 28 శాతం తగ్గుతాయి.

నేడు ఎక్కువగా వాడే ఆమ్లోడిపిన్ నాళాల కండరాన్ని వదులు చేస్తుంది. టెల్మిసార్టన్ నాళాలను బిగించే హార్మోన్ పనిని అడ్డుకుంటుంది. క్లోర్‌థాలిడోన్ అదనపు ఉప్పును, నీటిని బయటికి పంపుతుంది. 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఇటువంటి కొద్దిపాటి మందులను ఒక క్రమపద్ధతిలో, నెలకు సరిపడా ఇచ్చి, రాని రోగిని పిలిపించడమే ఆ కార్యక్రమం బలం.

అంకె మామూలుకు రాగానే "తగ్గిపోయింది కదా" అని మాత్ర ఆపేయడం అన్నిచోట్లా కనిపించే పొరపాటు. గేజీ ముల్లు గీత లోపల ఉందంటే వాల్వు పనిచేస్తోందని అర్థం. దాన్ని విప్పి పక్కన పెట్టమని కాదు. మందు ఆపిన కొద్ది రోజుల్లోనే ఒత్తిడి మళ్ళీ పైకి లేస్తుంది, ఈసారి కూడా చప్పుడు లేకుండానే. కాళ్ళ వాపు, కళ్ళు తిరగడం వంటి ఇబ్బంది ఉంటే డాక్టరు వేరే మందు ఇస్తారు. సొంతంగా ఆపడం, పక్కింటివారి చీటీ చూసి కొనుక్కోవడం రెండూ తప్పే. గర్భం దాల్చినవారు, దాల్చాలనుకునేవారు ముందుగానే చెప్పి మందు మార్పించుకోవాలి. టెల్మిసార్టన్ వంటివి గర్భిణులకు పనికిరావు.

సరిగ్గా కొలిస్తేనే సరైన అంకె

బజారులో నడిచొచ్చి, ఆయాసపడుతూ చెయ్యి చాపితే వచ్చేది నిజమైన అంకె కాదు. కొలవడానికి అరగంట ముందు టీ, పొగాకు వద్దు. మూత్రవిసర్జన చేసి రావాలి. వీపు ఆనించి, పాదాలు నేల మీద మోపి అయిదు నిమిషాలు కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఆనాలి. పట్టీ చేతి లావుకు తగినదై, చర్మం మీదే చుట్టాలి. మాట్లాడకూడదు. ఒకట్రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు కొలిచి, తేదీతో సహా రాసుకోవాలి. ఇంట్లో కొలిచినప్పుడు సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టరును కలవాలి. 180/120 దాటి ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసక, మాట తడబాటు వంటివేవైనా ఉంటే అది అత్యవసర పరిస్థితి.

ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరూ ఏడాదికి ఒకసారైనా కొలిపించుకోవాలి. రక్తపోటు ఉన్నవారి పిల్లలు, మధుమేహం ఉన్నవారు, గర్భిణిగా ఉన్నప్పుడు రక్తపోటు వచ్చినవారు ఇంకా తరచుగా చూసుకోవాలి. రైలు నడిపే మనిషికి రైల్వే పెట్టిన నియమాన్ని ఇంట్లో మిగిలినవాళ్ళకు ఇల్లే పెట్టుకోవచ్చు. పెన్షన్ మందులు తెచ్చుకోవడానికి తాత ఆసుపత్రికి వెళ్ళే రోజున కోడలు కూడా వెంట వెళ్ళి చెయ్యి చాపితే సరిపోతుంది. అయిదు నిమిషాల పని. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ గుండె, ఆ మెదడు, ఆ మూత్రపిండాలు ఎలా ఉంటాయన్నది చాలావరకు ఆ అయిదు నిమిషాల మీదే ఆధారపడి ఉంటుంది.